స్పీడు తగ్గించి ఇచ్చేవాడు

తనకు చెవులు లేవని అందరికంటే ముందు చెప్పేది ఆ కుట్టుమిషన్ల మెకానిక్కే. "కళ్ళజోడు తగిలించుకోవడానికి రెండున్నాయి, అంతే" అంటాడు. మిషన్ బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్ళు అడిగినా అడక్కపోయినా స్క్రూడ్రైవరు పక్కన పెట్టి మరీ ఈ కథ చెబుతాడు. చెప్పేటప్పుడు తన పరువు ఏ మూలైనా కాస్త మిగిలిపోతుందేమోనని జాగ్రత్తపడతాడు కూడా. మనం మాత్రం ఆయన మింగేసే ముక్కల్ని కూడా కలుపుకుని చెప్పుకుందాం.

చెవుల గొడవ పెళ్ళితో మొదలైంది. ఆయన అత్తవారిది పాటల ఇల్లు. మామగారు పాడేవాడు, అత్తగారు పాడేది, బావమరిది పెద్దయ్యాక ఏకంగా స్కూల్లో సంగీతం మాస్టారయ్యాడు. అందరికంటే బాగా పాడేది ఈయన భార్య. కొత్తకాపురంలో ఆవిడ టైలర్లిచ్చిన చొక్కాలకు కాజాలు కుడుతూ పాడుకుంటుంటే, మెచ్చుకోలు చూపించాలి కదా అని ఈయన తొడ మీద తాళం వేసేవాడు. ఆ తాళానికీ ఆ పాటకీ బొత్తిగా పొత్తు కుదిరేది కాదు. పాట ఇంట్లో ఉంటే తాళం వీధిలో ఉండేది. ఆవిడ ఒక్కనాడూ విసుక్కోలేదు. కాస్త తడబడేది, నవ్వేది, మళ్ళీ ఎత్తుకునేది. కొన్నాళ్ళకు ఎత్తుకోవడం మానేసింది. మానేస్తున్నానని ఆవిడ చెప్పలేదు, ఎందుకు మానేశావని ఈయన అడగలేదు. అడిగితే వచ్చే జవాబు తెలుసు కాబట్టే అడగలేదు.

ఆ తరవాత చుట్టాలు నలుగురు చేరి ఎవరైనా పాట అందుకుంటే చాలు, బావమరిది వచ్చి ఈయన చేతులు రెండూ గట్టిగా పట్టుకునేవాడు. "బావగారి చేతులు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. మీరు హాయిగా పాడుకోండి" అనేవాడు. అందరూ పగలబడి నవ్వేవారు. ఈయనా నవ్వేవాడు, అందరికంటే గట్టిగా. ఆవిడ నవ్వడం లేదని ఆయన గమనించడానికి చాలా ఏళ్ళు పట్టింది.

పని దగ్గర మాత్రం ఆయనకు తిరుగులేదు. ఇంటి ముందుగదే షాపు. గోడ పొడవునా బల్ల, బల్ల మీద విప్పిన మిషన్లు, కింద డబ్బాల నిండా చక్రాలూ స్ప్రింగులూ. ఆయనకో పద్ధతి ఉంది. బాగుచేసిన మోటారు మిషన్ ఏదైనా సరే, స్పీడు కాస్త తగ్గించే ఇస్తాడు. "స్పీడు పెంచితే దారం తెగుతుంది. దారం తెగితే నన్ను తిడతారు" అని ఆయన వాదన. టైలర్లు గొణుక్కుంటూనే తీసుకెళ్ళేవారు. అలవాటు ముదిరి ఇంట్లో సామాను మీదకీ పాకింది. ఆయన బాగుచేసిన ఫ్యాను కింద కూర్చున్న చుట్టాలు, రెక్కలు లెక్కపెట్టుకుంటూ, ఈ వీధిలో కరెంటు తక్కువా అని అడిగేవారు.

అలాంటి మనిషి షాపుకి ఒకరోజు, ఓడల మీద పనిచేసి రిటైరైన ఇంజనీరొకాయన వచ్చాడు. ఇల్లు ఖాళీ చేస్తున్నాడట. ఒక పాత కుట్టుమిషన్, ఆగిపోయిన రికార్డు ప్లేయరు, రికార్డులున్న అట్టపెట్టె బల్ల మీద పెట్టాడు.

"మిషన్ బాగుచేసి మా చెల్లెలికి పంపించు. ఈ ప్లేయరు, ఈ పెట్టె నువ్వే ఉంచుకో, లేదంటే పారెయ్. బ్రిటన్ రేవుల్లో దిగినప్పుడల్లా కొన్నాను. అక్కడివాళ్ళే కొనలేదులే ఇవి" అన్నాడు.

పెట్టెలో ఉన్నవన్నీ ఒకే జాతివి. జాజ్‌లో కరెంటు గిటారూ, కరెంటు పియానో, దంచికొట్టే డ్రమ్ములూ కలిపి డెబ్బైల్లో అక్కడి కుర్రాళ్ళు వాయించిన జాజ్ ఫ్యూజన్. పాడే గొంతు ఒక్కటీ లేదు, అంతా వాద్యాలే. ఒక అట్ట మీద అయిదుగురు గడ్డాలవాళ్ళు పచ్చిక మైదానం మధ్యలో కరెంటు పియానో చుట్టూ నిలబడి ఉన్నారు. "ఇంతకీ దీనికి కరెంటు ఎక్కణ్ణుంచి లాగారు?" అన్నదే సంగీతం మీద మన మెకానిక్ చేసిన మొట్టమొదటి విమర్శ.

ప్లేయరు విప్పి చూస్తే మోటారుకుండే చిన్న చక్రం పగిలి ఉంది. అలాంటిది ఇప్పుడెక్కడా దొరకదు. డబ్బాలు తిరగేసి, మిషన్‌కి బాబిన్ చుట్టే చోట ఉండే చక్రమొకటి తీసి బిగించాడు. అది అసలు దానికంటే చిన్నది. మోటారు చక్రం చిన్నదైతే పైన పళ్ళెం నెమ్మదిగా తిరుగుతుందని ఆయనకు తెలుసు. తిరిగితే మంచిదేగా, రికార్డు అరగదు అనుకున్నాడు. పళ్ళెంతో పాటు పాట కూడా నెమ్మదిస్తుందన్న ఆలోచన ఆ బుర్రకు తట్టలేదు. కథ ఇక్కడికొచ్చేసరికి ఆయన ఆగి, తన నుదుటి మీద తనే ఒకటి ఇచ్చుకుంటాడు.

ముల్లు పెట్టాడు. సాక్సఫోన్ బరువుగా, బొంగురుగా మొదలైంది. బేస్ గిటారు కాళ్ళీడ్చుకుంటూ వెనకే వచ్చింది. డ్రమ్ము మీద దెబ్బ పడటానికి ముందు, ఇదిగో ఇప్పుడు పడబోతోంది అని తెలుసుకునేంత తీరిక దొరికింది. ఆయనకు ఒళ్ళు జలదరించింది. జన్మలో మొదటిసారి ఒక సంగీతం ఆయనకు అర్థమైంది. లైబ్రరీలో కంప్యూటరు ముందు కూర్చుని వెతికిస్తే ఈ బృందాల గురించి రెండు ముక్కలు కూడా సరిగ్గా లేవు, వినిపించే చోటు అసలే లేదు. అది చూసి లైబ్రేరియన్ జాలిపడితే ఈయన లోలోపల పండగ చేసుకున్నాడు. ఎవరికీ తెలియని సంగీతమంటే, తప్పని ఎవరూ అనలేని సంగీతమన్నమాట.

ఇక కోతలు మొదలయ్యాయి. జాకెట్లు కుట్టే మిషన్ తెచ్చిన ఆవిడకూ, కర్టెన్లు కుట్టే ఆయనకూ సూది మార్చేలోపు బ్రిటన్ జాజ్ మీద ఉపన్యాసం ఉచితం. "ఇది ఏడ్చే సంగీతం కాదండీ. ఏడుపుని మడతపెట్టి బీరువాలో దాచుకునే సంగీతం" అనేవాడు. ఆ ముక్క తనకే ఎంత నచ్చిందంటే, ఒకే మనిషికి రెండుసార్లు చెప్పేవాడు. బావమరిది ఒకసారి వచ్చి రెండు నిమిషాలు విని, "జ్వరమొచ్చినవాళ్ళ చేత వాయించారేంటి బావగారూ" అని లేచిపోయాడు. ఈయన నొచ్చుకోలేదు. పాపం, అందరికీ ఉండొద్దూ చెవులు, అని పైకే అన్నాడు.

అయితే షాపుకొచ్చినవాళ్ళకు ఆయన చెప్పని సంగతొకటుంది. సాయంత్రాలు ఆయన రికార్డు పెట్టినప్పుడు భార్య కాజాల బుట్ట తెచ్చుకుని గడప దగ్గర కూర్చునేది. గడ్డాలవాళ్ళ రికార్డుకి రెండోవైపు చివరి పాట. ఒకరోజు ఆ పాటలో సాక్సఫోన్ వెంట ఇంకో గొంతు కలిసింది. చాలా సన్నగా, పెదాలు విప్పకుండా. ఆయన తల తిప్పలేదు. ఊపిరి కూడా కొంచెం కొంచెంగా తీసుకున్నాడు. తొడ మీదకు పోబోతున్న చేతులు రెండూ లాక్కుని కిందపెట్టి, వాటి మీద కూర్చున్నాడు. ఆవిడ చివరిదాకా కూనిరాగం తీసి, దారం కొరికి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. మర్నాడు మళ్ళీ తీసింది. అలా రోజూ ఆయన అరచేతుల మీద కూర్చుని, వేళ్ళు తిమ్మిరెక్కేదాకా వినేవాడు. ఆ కూనిరాగం ఉంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదనిపించేది.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ లైబ్రేరియన్ వచ్చి, "ఆదివారం మా హాల్లో సంగీతం వినే కార్యక్రమం పెడుతున్నాం. ఎవరూ వినని మీ రికార్డుల గురించి మీరే మాట్లాడాలి" అనేసరికి మనవాడు నేల మీద నిలవలేదు. బావమరిదిని తనే స్వయంగా వెళ్ళి పిలిచాడు. ఇన్నేళ్ళుగా చేతులు పట్టుకున్నవాడి ఎదుట, భార్య చూస్తుండగా, తనకూ చెవులున్నాయని ఒప్పించాలి. అదొక్కటే కోరిక.

ఆదివారం లైబ్రరీ హాలు నిండింది. భార్య ముందు వరుసలో, పక్కనే బావమరిది. మెకానిక్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, గొంతు సవరించుకుని, గడ్డాలవాళ్ళ రికార్డు ఎత్తి చూపించాడు.

"ఈ చివరి పాట పేరు 'బ్రేకుల్లేని సైకిలు మీద కొండ దిగుడు'. ఇక్కడ కొండంటే మన ఆయుష్షు. బ్రేకుల్లేవంటే వయసు ఆగదని. ఇది రాసినాయన ముసలాయన అయ్యుంటాడు. భార్య పోయి ఉంటుంది. ప్రతి స్వరం ఎలా కాలీడుస్తుందో వినండి. కళ్ళు మూసుకుని వినండి" అన్నాడు.

అందరూ బుద్ధిగా కళ్ళు మూసుకున్నారు. లైబ్రేరియన్ అక్కడి ప్లేయరు మీద రికార్డు పెట్టి ముల్లు దించాడు.

సాక్సఫోన్ కీచుమంటూ దూకింది. దాని వెనక డ్రమ్ములు దడదడలాడుతూ పరుగందుకున్నాయి. కరెంటు పియానో గిలిగింతలు పెట్టినట్టు కిలకిలమంది. అది నిజంగానే సైకిలు, నిజంగానే కొండ, పైన కూర్చున్నవాడికి నిండా ఇరవై ఉండవు. ఒకరొకరే కళ్ళు తెరిచారు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ముందు వరుసలో కాళ్ళు ఊగడం మొదలైంది.

మెకానిక్ ప్లేయరు దగ్గరికి పరిగెత్తాడు. "మీ మిషన్ స్పీడు ఎక్కువుంది. నేను తగ్గిస్తానుండండి" అంటూ జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు. సంగీత సభకు స్క్రూడ్రైవరు తెచ్చుకున్న వక్త ప్రపంచంలో తనొక్కడే అయ్యుంటానని ఇప్పుడు చెప్పుకుంటాడు. లైబ్రేరియన్ మర్యాదగా ఆపి, అందరికీ నోటికొచ్చిన ఒక పాత సినిమా పాట రికార్డు పెట్టాడు. అది అచ్చం ఎలా ఉండాలో అలాగే పాడింది. తప్పు ఎక్కడుందో హాల్లో అందరికీ తెలిసిపోయింది.

బావమరిది లేచి నిలబడ్డాడు. "బావగారూ, భార్య పోయినాయన ఈయనేనా? ఇంత హుషారుగా ఉన్నాడేం?" అన్నాడు.

హాలు గొల్లుమంది. మెకానిక్‌కి తల కొట్టేసినట్టయింది. అలవాటు ప్రకారం నవ్వబోయాడు గానీ ఈసారి నవ్వు రాలేదు. భార్య వైపు చూసే ధైర్యం చేయలేదు.

ఇంటికి నడిచి వచ్చేటప్పుడు ఆవిడే మాట్లాడింది.

"ఆ పరుగు కూడా బాగానే ఉందండీ."

"ఫ్యానుకు చేసిందే పాటకీ చేశాను. నా చేతికొచ్చినదేదీ తిన్నగా తిరగదు" అన్నాడాయన.

మర్నాడు షాపు తెరవకుండానే ప్లేయరు పట్టుకుని లేత్ పట్టే ఆయన దగ్గరికి వెళ్ళి, పగిలిన చక్రం ముక్కలు చూపించి, సరిగ్గా అదే కొలతకు కొత్తది చేయించాడు. తప్పని తెలిశాక మిషన్‌ని అలా వదిలేయడం ఆయన వల్ల కాదు. సాయంత్రం రికార్డు పెడితే, లైబ్రరీలో పరిగెత్తినట్టే పరిగెత్తింది. ఆవిడ బుట్ట తెచ్చుకుని గడప దగ్గర కూర్చుంది. రెండోవైపు చివరి పాట వచ్చింది. ఆవిడ సూది ఆగింది. పెదాలు కదిలి, ఒకచోట అందుకోబోయి, జారిపోయి, మూసుకున్నాయి. "బాగుంది" అంది చివర్లో. కొత్తకాపురంలో ఆయన తాళం వేసినప్పుడు కూడా ఆవిడ ఇదే గొంతుతో బాగుందనేది.

మర్నాడూ అంతే. తరవాత బుట్ట గడప దగ్గరికి రావడం మానేసింది. వంటింట్లోనే ఎక్కువ వెలుతురుందని అంది. ఒకే మనిషి చేత రెండుసార్లు పాట మాన్పించిన ఘనుడివిరా నువ్వు అని తనను తానే తిట్టుకున్నాడు.

ఒక మధ్యాహ్నం ఆవిడ కాజాలు కుట్టిన చొక్కాలు టైలర్లకు ఇచ్చి రావడానికి వెళ్ళినప్పుడు, ఆయన ప్లేయరు బోర్లించి లేత్ చక్రం ఊడదీశాడు. సరైన చక్రం తీసి సరికానిది పెట్టడానికి చెయ్యి రాలేదు. ఇన్నేళ్ళ పనిలో తప్పని తెలిసి ఒక్క మర కూడా బిగించలేదు. కాసేపు బల్ల మీద రెండు చక్రాలూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాడు. ఆ తరవాత బాబిన్ చక్రం తీసి, గట్టిగా బిగించాడు.

సాయంత్రం సాక్సఫోన్ బరువుగా, బొంగురుగా మొదలైంది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మళ్ళీ పాత చక్రం వేశారా?"

"ఆ లేత్‌ది వదులైపోయింది" అన్నాడాయన, ఆవిడ ముఖం చూడకుండా.

అబద్ధం చెప్పడం కూడా ఆయనకు తాళం వేయడమంత బాగానే వచ్చు. ఆవిడ బుట్ట తెచ్చుకుని గడప దగ్గర కూర్చుంది. చివరి పాట వచ్చేసరికి, ఈసారి పెదాలు విప్పి, చిన్నగా గొంతు కలిపింది. ఆయన చటుక్కున చేతులు రెండూ కింద పెట్టి వాటి మీద కూర్చున్నాడు.

ఆవిడ పాట ఆపింది.

"ఆ చేతులు బయటికి తీయండి" అంది.

"వద్దులే. తప్పుతుంది."

"తప్పితే తప్పనివ్వండి. నేను ఆగుతాను, మీరొచ్చి అందుకోండి."

ఆవిడ ముల్లు ఎత్తి పాట మళ్ళీ మొదట్నుంచి పెట్టింది. ఆయన చేతులు బయటికి తీసి, తిమ్మిరి విదిలించుకుని, తొడ మీద వేశాడు. మూడో దెబ్బకే తప్పాడు. ఆవిడ ఆగింది.