కూల్చడానికి కట్టిన కట్ట

కూల్చడానికే కట్ట కట్టమన్న మనిషిని నా బతుకులో ఒక్కణ్ణే చూశాను. ఆయన మా ముదీర్. అరబ్బు దేశంలో, ముసఫ్ఫాలో ఐకాడ్ అనే ఫ్యాక్టరీల పేట దగ్గర కాంక్రీటు పలకలు పోసే మా ఫ్యాక్టరీకి మేనేజరు, ఇంగ్లండు మనిషి. అది 2003 మే నెల. అంతకు కొన్ని వారాల ముందు వరకు మెస్సులో టీవీ పెడితే చాలు, బాగ్దాద్ మీద బాంబులే. నోట్లో ముద్ద పెట్టుకుని ఆ మంటలే చూసేవాళ్లం. నేను నెల్లూరు సాయిబుని. అక్కడ చచ్చేవాళ్ల పేర్లు మా వీధి పేర్లలాగే ఉండేవి. ఆ టీవీ చల్లారకముందే ఈయన వచ్చి, ఇంగ్లండు నుంచి మా నాన్న వస్తున్నాడు, పండగ చేయాలి అన్నాడు.

పండగ దేనికయ్యా అంటే యుద్ధానికి! రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లీషు విమానాలు కొన్ని వెన్నెల్లో చెట్ల తలలు తగిలేంత కిందుగా జర్మనీ దాకా ఎగిరాయట. నీళ్ల మీద గెంతుకుంటూ పోయే పీపాల్లాంటి బాంబులు వేసి అక్కడి ఆనకట్టలు పగలగొట్టాయట. అందులో ఒక విమానం తోకలో మరతుపాకి పట్టుకుని కూర్చున్న కుర్రాడే మా ముదీర్ తండ్రి. జరిగి అరవై ఏళ్లయింది. వాళ్ల దేశంలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన కథట. యార్డులో ఒక బుల్లి ఆనకట్ట కట్టాలి, వెనక నీళ్లు నింపాలి, ముందు అట్టలతో, థర్మోకోల్‌తో ఒక ఊరు పెట్టాలి. శుక్రవారం సెలవు పూట దొరలందరి ముందూ దాన్ని పగలగొట్టాలి. నీళ్లు ఊరి మీద పడుతుంటే వాళ్లు చప్పట్లు కొడతారు. మా యార్డు పని వదిలేసి మేం చేయాల్సింది ఇదీ!

చెక్కపని నాది, గోడపని మేస్త్రిది. మేస్త్రి జగిత్యాల వైపు మనిషి. నాకంటే పెద్దవాడు కాబట్టి అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను భాయ్ అనేవాడు. నడుమెత్తు గోడ, మధ్యలో ఒక ఇనుప పలక, దాన్ని పట్టుకున్న చెక్క మేకు. సమ్మెటతో మేకు ఊడగొడితే పలక పడిపోవాలి. అంతే పని. మేస్త్రి మాత్రం ఇల్లు కడుతున్నట్టే కట్టాడు.

"ఏందన్నా, రేపోమాపో కూల్చేదానికి ఇంత గట్టిగా ఎందుకు?" అన్నాను.

"చెయ్యి ఒప్పుతలేదు భాయ్. కట్టంటె కట్టనే."

గోడ లేచిన సాయంత్రం చూద్దును గదా, ఒక చివర నిలువుగా పాతిన రాయి! పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, ముందు నిమ్మకాయ కోసి పెట్టాడు. ఆ పసుపు మెస్సులో కూరల్లో వేసేది. నాకు నవ్వాగలేదు.

"మతి పోయిందా అన్నా నీకు?"

"నవ్వకు. కట్ట మీద మైసమ్మ లేకుంటె ఎట్ల? నీళ్లను ఎవలు కాస్తరు?"

"బాగుంది సంబడం! ఎల్లుండి సమ్మెట నీ చేతికే ఇస్తారంట. మైసమ్మ ఉన్న కట్టను నువ్వే పగలగొడతావా?"

అప్పుడు తట్టింది ఆయనకు. ముఖం మాడిపోయింది. వాళ్ల వైపు చెరువు కట్ట ఎక్కడ ఉంటే అక్కడ కట్ట మైసమ్మ ఉంటుంది. తాతల నాటి అలవాటు. ఆలోచించకుండానే నిలబెట్టేశాడు. నిలబెట్టాక ఆ కట్టకు దెబ్బ వేయడమంటే కన్నతల్లి మీద చెయ్యెత్తడమే.

ఆయనకు కట్ట తెగడమంటే ఏమిటో తెలుసు. కొన్నేళ్ల కింద వాళ్ల ఊరి చెరువు నిండుతుంటే, శిఖంలో, అంటే చెరువు లోపలి భూమిలో, తాము వేసుకున్న పంట మునిగిపోతుందని ఎగువవాళ్లు గడ్డపారలతో గండి కొట్టారు. కట్ట కింది ఇళ్లను నీళ్లు ఊడ్చుకుపోయాయి. భార్య బురదలో దొరికింది, నోటి నిండా ఇసుక. కూతురు తుమ్మకంపలో దొరికింది. ముళ్ల నుంచి విడదీస్తుంటే తోలు ఊడి చేతికొచ్చిందని నాకు చెప్పి, తన చేతుల వంకే చూసుకుంటూ కూర్చున్నాడు. అమ్మమ్మ ఊళ్లో ఉన్న కొడుకు ఒక్కడే మిగిలాడు. ఆ కొడుకు కోసమే దుబాయ్ వచ్చాడు. చెరువు నీళ్లు అందని మెట్ట మీద ఇల్లు కడుతున్నాడు. గోడలు లేచాయి, స్లాబు పడాలి. ఇప్పుడు కాదూ కూడదంటే వీసా క్యాన్సిల్. క్యాన్సిల్ అయితే ఆ పిల్లాడు మళ్లీ ఆ కట్ట కిందే.

"కొబ్బరికాయ కొట్టి, తప్పయిందమ్మా అని మొక్కి, రాయిని తీసి పక్కకు వెడ్త. అటెన్క కొడ్త," అన్నాడు. సరే, అదే మేలు అన్నాను నేను కూడా.

శుక్రవారం మధ్యాహ్నం దొరలు వచ్చారు, దొరసానులు వచ్చారు. మందు ఏరులై పారింది. స్పీకర్లలో విమానాల మోత పెట్టారు. ముసలాయన కోటు మీద పతకాలు వేసుకుని, ఆ ఎండలో గొడుగు కింద కుర్చీలో కూర్చున్నాడు. మేస్త్రి సమ్మెటతో వెళ్లి రాయి ముందు కూర్చుని కొబ్బరికాయ కొట్టాడు. జనం నవ్వి ఫోటోలు తీశారు. ఆయన కళ్లు మూసుకుని మొక్కుతున్నాడు.

"యల్లా! యల్లా!" అని తొందరపెడుతూ ముదీర్ అరిచాడు. రెండు నిమిషాలు ఆగండి సార్ అని నేను అడ్డం పోయాను. నన్ను తోసేసి, "ఖలాస్!" అంటూ వచ్చి బూటు కాలితో రాయిని తన్నాడు. అది ఎగిరి కింద అట్ట ఇంటి మీద పడింది. జనం చప్పట్లు కొట్టారు.

మేస్త్రి సమ్మెటను కింద పడేసి లేచాడు. అది ముదీర్ చేసుకున్న పుణ్యం. మొదటి గుద్దుకు ముక్కు చితికింది. రెండో గుద్దుకు మనిషి వెల్లకిలా పడ్డాడు. మేస్త్రి ఛాతీ మీద ఎక్కి కూర్చుని పిడికిళ్లతో ముఖం మీద దంచుతున్నాడు, రోట్లో కారం దంచినట్టు. తెల్ల చొక్కా ఎర్రబడింది. సెక్యూరిటీవాళ్లు వచ్చి మేస్త్రిని ఈడ్చి డొక్కల్లో బూట్లతో తన్నారు. కనుబొమ్మ చిట్లి కన్ను మూసుకుపోయింది. మధ్యలో దూరిన నాకు మోచేయి తగిలి పన్ను కదిలింది. సిగ్గెందుకు, ఆ ముక్కు చితికిన చప్పుడు నా కడుపుకు చల్లగా తగిలింది.

"ఆపండి!" అని ఒక కేక వినిపించింది. ముసలాయన! ఆ ఎముకల గూట్లో అంత గొంతు ఎక్కడుందో. తన్నేవాళ్లు ఆగిపోయారు. ఆ రాయి ఏమిటని నన్ను అడిగాడు. నాకొచ్చిన ముక్కల ఇంగ్లీషులో మైసమ్మ గురించి చెప్పాను. గండి, పెళ్లాం, తుమ్మకంప, అన్నీ చెప్పాను. ఆయన తడబడుతూ నడిచి వెళ్లి గోడ కింద, ఆ అట్టల ఊళ్లో, ఇనుప పలకకు వీపు ఆనించి కూర్చున్నాడు.

"ఇప్పుడు కొట్టించు," అన్నాడు కొడుకుతో.

ఎవరూ కదల్లేదు. ఆయన నన్ను చూసి చెప్పుకుపోయాడు. విమానంలో అందరూ ముందుకు చూస్తారట. వెనక్కి చూడటం తోకలో వాడి పని. స్నేహితుడి విమానం కరెంటు తీగలకు తగిలి అంటుకుంటే, నేల తాకేదాకా చూశాడు. కట్ట తెగాక నీళ్లు పోయినంత దూరం దీపాలు వరసగా ఆరిపోవడం చూశాడు. తిరిగొచ్చాక పొద్దున టిఫిన్ బల్లల దగ్గర కుర్చీలు ఖాళీ. రాజుగారి పతకాలు, ఊరేగింపులు. చాలా ఏళ్లకు తెలిసిందట, ఆ నీళ్ల దారిలో ముళ్ల కంచె వేసిన లేబర్ క్యాంపు ఉందని. ఫ్యాక్టరీ పనికి రష్యా వైపు నుంచి పట్టుకొచ్చిన ఆడవాళ్లు అందులో ఉన్నారు. నీళ్లొచ్చేసరికి బయటికి పోయే దారి లేక మునిగి చచ్చారు.

నేను ఒక్కో ముక్కా మేస్త్రికి చెప్పాను. నోట్లో రక్తం ఉమ్మి అడిగాడు.

"శవాలను ఇండ్లకు తోలిర్రా? అడుగు భాయ్."

మా క్యాంపుల్లో ఎవరు పోయినా మొదట అడిగే మాట అదే. అడిగాను. పేర్లే తెలియనివాళ్లు చాలామంది, కలిపి పూడ్చారు అన్నాడు ముసలాయన. పసిపిల్లాడిలా ఏడ్చాడు. మేస్త్రి వైపు చెయ్యి చాచాడు. మేస్త్రి ఆ చెయ్యి పట్టుకోలేదు. అట్టల మధ్య పడిన రాయిని తీసి, చొక్కాతో తుడిచి, చంకన పెట్టుకుని క్యాంపు దారి పట్టాడు.

ఫ్యాక్టరీలో మందు పోసిన సంగతి బయటపడుతుందని ముదీర్ పోలీసులను పిలవలేదు. క్యాన్సిల్ మాత్రం మర్నాడే కొట్టాడు. ఆఫీసులో తండ్రీకొడుకులు అరుచుకోవడం యార్డు దాకా వినిపించింది. వాణ్ణి పంపితే నీ గడప తొక్కనని ముసలాయన అన్నాడట. కొడుకు వింటేనా!

ఎయిర్‌పోర్టుకు పోయే కంపెనీ బస్సు దగ్గర నాకు ఒళ్లు మండింది. మనిషి పోతున్నాడు, ఇంటికి స్లాబు లేదు, పిల్లాడు కట్ట కింద. అది తలుచుకుని ఆయన మీదే విరుచుకుపడ్డాను.

"ఆ ముసలాయన నీ కోసం సొంత కొడుకుతో తగువు పెట్టుకున్నాడు. అంత ఏడ్చి చెయ్యి ఇస్తే పట్టుకోకపోతివే! నీకేం పోయేదన్నా?"

మేస్త్రి వాచిన కన్ను తెరవలేక ఒంటి కంటితో నన్ను చూశాడు.

"మా ఊర్ల గండి కొట్టినోళ్లు గుడ ఏడ్సిర్రు భాయ్. దినాల నాడు అచ్చి నా పక్కపొంటి కూసున్నరు. ఆళ్లకు అన్నం వడ్డిచ్చింది నేనే."