కర్రలతో ఎక్కిన బస్సు

పంతొమ్మిది వందల అరవైల్లో, మామిడి కాపు రోజులు. తోటలు కౌలుకు పట్టినవాళ్ళం, ఒకరి తోటలో గొడవైతే ఇంకొకరు వెళ్ళాలని మాట అనుకునేవాళ్ళం. ఆగిరిపల్లిలో మా జట్టువాళ్ళ కాయ ఎవరో కోసుకుపోయారని మా ఆయన, మరిది కర్రలు పట్టుకుని నూజివీడులో బస్సెక్కారు. ఆపుదామని నేనూ ఎక్కాను.

పక్క సీట్లో ముసలాయన. కుడిచేతికి వేళ్ళు లేవు.

"అవతలివాళ్ళకి తోడెవరు బాబూ?" అన్నారాయన, కర్రలు చూసి సంగతి అడిగి తెలుసుకున్నాక.

"మైలవరం వాళ్ళండీ. వాళ్ళు దిగితే మాకు చింతలపూడి వాళ్ళొస్తారు," అన్నాడు మరిది హుషారుగా.

"మొదటి జర్మనీ యుద్ధానికి మేమూ ఇలాగే వెళ్ళాం. ఎక్కడో ఆస్ట్రియా యువరాజుని కాల్చారు. ఆస్ట్రియా సెర్బియా మీదికెళ్ళింది. సెర్బియాకి రష్యా తోడు, ఆస్ట్రియాకి జర్మనీ, రష్యాకి ఫ్రాన్సు. తర్వాత ఇంగ్లండు దిగింది, దాని వెనక మేము. ఆ ఫ్రాన్సు బురదలో నేను కాల్చినవాడు నాకేం చేశాడో ఇప్పటికీ తెలీదమ్మా."

ఆ దేశాల పేర్లు ముసలితనంలో అక్షరాలు నేర్చుకున్నాక చదివాను. ఆ రోజు మాత్రం అవన్నీ మా బస్సులోనే కూర్చున్నట్టనిపించింది.

ఆగిరిపల్లిలో మా ఆయన లేచారు. "మాటిచ్చాం, వెళ్ళక తప్పదు," అంటూ కర్ర నా ఒళ్ళో పెట్టారు.

"ఏంటన్నయ్యా, భయమేసిందా?" అన్నాడు మరిది.

"వేసింది. నీదీ వదినకివ్వు."