రంగులు పోయిన అచ్చు

మన్సూరాబాద్‌లోని తన షెడ్డులో చక్రపాణి ఎవరినీ నమ్మడు. కంటికి ఆనని సన్నటి గీతలున్న నికెల్ అచ్చును ప్లాస్టిక్ రేకు మీద ఒత్తితే, సిరా లేకుండానే ఇంద్రధనుస్సు రంగులు వచ్చేవి. దసరా మర్నాడు మాత్రం రేకు వెలవెలబోయింది.

"అచ్చు మార్చేశావు. ఎవరికి అమ్ముకున్నావ్?" అని మిషను నడిపే శ్రీనివాస్‌ను నిలదీశాడు. "రేపట్నించి రావద్దు."

శ్రీనివాస్ టిఫిన్ డబ్బా సర్దుకున్నాడు.

రేకులు చుట్టే అండాలమ్మకు ఒళ్ళు మండింది. "ఆయుధపూజకు గా అచ్చుకు పసుపు రాసి బొట్టు పెట్టింది మీరే గద సార్. శ్రీను వద్దంటే ఇన్నరా?"

చక్రపాణి అచ్చును భూతద్దం కింద పెట్టి చూశాడు. పూజయ్యాక తను పైపైన తుడిచాడు గానీ, పసుపు ఇంకా ఆ సన్నటి గీతల్లోనే పట్టి ఉంది.

"ఉండవయ్యా, దీన్ని కడగడం నీకే వచ్చు" అన్నాడు, శ్రీనివాస్ ముఖం చూడలేక.