కాలు తగిలితే కళ్ళకద్దుకునే మా రఘు

నిన్న పొద్దున మీటింగ్‌లో ఉండగా అక్క ఫోన్. "రఘు ఇక లేడ్రా."

"ఏ రఘు?" అన్నాను. మాకున్నది ఒక్కడే రఘు.

ట్రైనింగ్ నుంచి వస్తుంటే సిడ్నీలో యాక్సిడెంట్ అట. మా అక్క కొడుకు. రగ్బీ లీగ్‌లో ముందు వరసలో ఢీకొనే ఫార్వర్డ్‌గా మొదటి సీజన్, సగం కూడా ఆడలేదు.

అప్పట్నుంచీ ఒక్కచోట కూర్చోలేకపోతున్నాను. ఇక్కడ సింగపూర్‌లో, పాసిర్ రిస్‌లో ట్రైన్ ఎక్కాను. అక్క వాళ్ళ స్టేషన్ ఆంగ్ మో కియో దాటిపోయి, మళ్ళీ వెనక్కొచ్చాను. ఇది ప్లాట్‌ఫామ్ మీద నిలబడే రాస్తున్నాను.

స్టేషన్ బయటికొస్తే అక్క ఇంటికెళ్ళాలి. అక్క మొహం చూడాలి.

నేను సింగపూర్ వచ్చినప్పుడు ఐటీ మంచి ఊపు మీద ఉంది. అక్క వాళ్ళ ఫ్లాట్‌లో హాలు నిండా పరుపులు, పరుపుల నిండా ఇంటర్వ్యూల కోసం దిగిన మాలాంటి వాళ్ళు. రఘు స్కూలుకి పరిగెడుతూ మమ్మల్నందర్నీ తొక్కేవాడు.

వంటింట్లోంచి మా అమ్మ కేక. "ఒరేయ్, కాలు తగిలింది! కళ్ళకద్దుకో!"

వెనక్కొచ్చి, ఒక్కొక్కరినీ చేత్తో తాకి కళ్ళకద్దుకుని, షూస్ చేత్తో పట్టుకుని పారిపోయేవాడు. మేం తిట్టుకుంటూ అటు తిరిగి పడుకునేవాళ్ళం.

వాడికి కంప్యూటర్లు నేర్పాలని ఇంటిల్లిపాదీ ఎగబడ్డాం. వాడు మాత్రం మనుషుల్ని కింద పడేయడం నేర్చుకున్నాడు.

మొదటి ప్రొఫెషనల్ మ్యాచ్ ఆఫీసులో లాప్‌టాప్ మీద చూశాను. గుమ్మమంత మనిషిని పట్టి పడేశాడు. నేను కుర్చీలోంచి లేచిపోయాను!

వాడు లేస్తుంటే బూటు ఆ మనిషి కాలికి తగిలింది.

ఇంకేముంది. వంగాడు. తాకాడు. కళ్ళకద్దుకున్నాడు.

ఈలోగా బంతి వాడి పక్కనుంచే వెళ్ళిపోయింది. అవతలివాళ్ళకి పాయింట్లు, మనకి ఓటమి. కోచ్ టీమ్‌లోంచి తీసేశాడు. ఆ అలవాటు మానుకుంటేనే మళ్ళీ చోటన్నాడు.

ఆ రోజు వాడి గొంతులో మొదటిసారి భయం విన్నాను.

"చెయ్యి దానంతటదే వెళ్ళిపోతోంది మావయ్యా. స్టాప్ చెయ్యలేను లా," అన్నాడు వాడి సింగపూర్ యాసలో.

"ఆటయ్యాక చెయ్యరా. అమ్మమ్మ ఏమీ అనదులే."

పిచ్చి సన్నాసి, అక్షరాలా అదే చేశాడు. మళ్ళీ టీమ్‌లోకొచ్చాడు. ఆట అయిపోగానే తను తొక్కినవాళ్ళని గ్రౌండంతా వెతుక్కుంటూ తిరిగేవాడు. మొన్న శనివారం అవతలి టీమ్ ఫార్వర్డ్ ఒకడు వాడికోసం ఆగి, నవ్వుతూ కాలు ముందుకు చాపాడట. ఫోన్‌లో అది చెబుతూ ఎంత నవ్వాడో. వచ్చే సీజన్‌కి కూడా ఉండమన్నార్రా అని అక్క ఆ రోజే స్వీట్లు పంచింది.

ఇప్పుడు అక్కకి నేనేం చెప్పను?

ఎల్లుండి తీసుకొస్తున్నారు. అదే హాల్లో పడుకోబెడతాం.

హాలు చిన్నది. వచ్చేవాళ్ళు చాలామంది. ఎవరి కాలైనా వాడికి తగలొచ్చు.

తగిలితే ఏం చెయ్యాలో మీకు తెలుసు.

వెళ్ళిరా నాన్నా. ఇక పరుగులేదు. హాయిగా పడుకో.