మా సావిట్లో తీసిన దొంగల సినిమా

జూలై 14, సోమవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు ఫోను మోగింది. అరుదైన పాత సినిమాల క్యాసెట్లు సేకరించే హైదరాబాదు ఆసామి ఒకరు, రాజోలు దగ్గర మా మేనమామ ఇంట్లో తీసిన దొంగల సినిమా గురించి అడిగారు. మూడు రోజులైనా ఆడని ఆ సినిమా క్యాసెట్టు మా అత్తయ్య బీరువాలో ఉందని చెప్పగానే శనివారమే వచ్చేస్తానన్నారు.

పదకొండు రోజుల్లో, ఒకే ఇంట్లో, ఒకే కెమెరాతో తీశారు. డబ్బింగుకు స్తోమత లేక మాటలు అక్కడికక్కడే రికార్డు చేశారు. కాకుల అరుపులు, అత్తయ్య తిరగమోత చప్పుడు కూడా అందులో పడ్డాయి. సేకరించేవారు ప్రాణం పెట్టేది దానికేనట. ఇంటి యజమాని వేషానికి కుదిరిన నటుడు రాకపోతే మామయ్యనే కూర్చోబెట్టారు. దొంగలు మొదట్లోనే ఆయన నోట్లో గుడ్డ కుక్కుతారు. చివర్లో తీస్తారు. ఆయన నాలుగు నిమిషాలు బతిమాలుకుంటారు. అయినా చంపేస్తారు. షాటు అవగానే ఆ హంతకులే వంటింటి గుమ్మంలో నిలబడి, "అత్తయ్యగారూ, ఇంకాస్త ముక్కల పులుసు ఉందాండీ?" అనేవారు.

ఆ చంపడం మాత్రం అత్తయ్య సహించలేదు. "బంగారంలాంటి మనిషిని మన సావిట్లోనే పడుకోబెట్టేసేరు. ఆ చావు తుడిచెయ్యరా," అన్నారు. అప్పుడు డిగ్రీ చదువుతున్న నేను, గడియారం చూసుకుంటూ, అత్తయ్య, మామయ్యల సత్యనారాయణ వ్రతం వీడియోను తొమ్మిది నిమిషాల మేర దానిమీద ఎక్కించాను. పని శుభ్రంగా జరిగిందని డైరీలో రాసుకున్నాను కూడా.

మామయ్య పోయి నాలుగేళ్లు. శనివారం ఆ ఆసామి సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు దిగి, క్యాసెట్ ప్లేయరు మోసుకుంటూ వచ్చారు. అత్తయ్య ఇస్త్రీ చీర కట్టుకుని టీవీకి ఎదురుగా కూర్చున్నారు.

"ఫొటోలైతే ఉన్నాయి గానీ, ఆయన గొంతు ఎక్కడా లేదండి. ఇందులోనే వినాలి," అన్నారు ఆసామితో.

అప్పుడు గుర్తొచ్చింది నాకు: చావు ఎక్కడ మొదలవుతుందో తేల్చుకోలేక, గుడ్డ తీసిన దగ్గర నుంచే తుడిచానని. చెప్పలేకపోయాను.

గంటకు పైగా మామయ్య నోట్లో గుడ్డతో కళ్లు తిప్పుతూ ఉన్నారు. "ఇదిగో, ఇప్పుడు తీసేస్తారు," అంటూ అత్తయ్య కుర్చీ ముందుకు జరుపుకున్నారు. తెర మారి, పీటల మీద దంపతులు కనిపించారు. మామయ్య నవ్వుతూ ఆమెతో ఏదో అంటున్నారు.

"సౌండు పెంచండి నాయనా."

"ఈ ముక్కకి మైకు పెట్టలేదండి, అమ్మగారూ."

అత్తయ్య నావైపు తిరిగారు. "ఆయన మాటలేవిరా?"

"మీరు తుడవమన్నారు కదండీ, అత్తయ్యగారూ."

"చావు తుడవమన్నానురా. మాటలు తుడవమన్నానా?"

ఆసామి తల వంచుకుని వైర్లు చుట్టుకోసాగారు.

పోయినవి తొమ్మిది నిమిషాలు. అందులో మామయ్య గొంతు నాలుగు. మిగిలినవి, నోట్లో గుడ్డతో డెబ్బై మూడు, పెదవులు మాత్రం కదిలేవి తొమ్మిది. తుడవడానికి నాకు పట్టిన కాలమూ సరిగ్గా తొమ్మిది నిమిషాలే.