సైకిలు పట్టుకున్నదెవరు

మా అవ్వ, అంటే మా అమ్మ, సాక్ష్యం చెప్పడానికి లేస్తే మా ఊరి చర్చిలో దగ్గులు కూడా ఆగిపోయేవి. దేవుడు చేసిన మేలును పదిమందిలో చెప్పుకోవడమే సాక్ష్యం. అవ్వ సాక్ష్యంలో మాత్రం దేవుడికంటే అవ్వే ఎక్కువసేపు ఉండేది.

ఏడో తరగతిలో నా ఎడమ చెయ్యి విరిగింది. ఆ రోజు అవ్వ పట్నంలో స్త్రీల కూడికకు పోయింది. పక్కింటి పెద్దమ్మ నన్ను బస్సులో చేవెళ్ల దవాఖానకు తీసుకుపోయింది. ఆదివారం అవ్వ లేచి, "కొడుకును భుజానేసుకొని చేవెళ్ల దాక ఉరికిన. మూడు దినాలు మెతుకు ముట్టలే" అంది. అందరూ కళ్లు తుడుచుకున్నారు. పెద్దమ్మ కూడా.

ఇంటికి వచ్చాక, "అవ్వా, నువ్వు రాలే గదా" అన్నాను.

"పదిమందిల నన్ను తక్కువ చేస్తవారా?" అంది. తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు. చివరికి నేనే తప్పయిందని కాళ్లు పట్టుకున్నాను. కానీ కుడి చెయ్యి బాగానే ఉంది కదా, జరిగింది జరిగినట్టు పాత నోటుబుక్కులో రాసిపెట్టుకున్నాను. నా మొదటి డైరీ అదే. ఆ తర్వాత ఒక్కరోజు కూడా మానలేదు.

అవ్వ పోయి చాలా ఏళ్లయింది. ఆమె మీద కోపం ఎప్పుడు పోయిందో డైరీలో కూడా లేదు. పోనిది ఒకటి ఉంది. నా గురించి గానీ నావాళ్ల గురించి గానీ పదిమందిలో ఒక మంచి మాట చెప్పాల్సి వస్తే తుంచేసి తప్పించుకుంటాను. నా బిడ్డ పదో తరగతిలో బడికి ఫస్టు వచ్చిందని ఎవరో మెచ్చుకుంటే, "ఆ, ఏదో రాసింది" అన్నాను. బిడ్డ పక్కనే నిలబడి విన్నది.

పోయిన నెల ఆమె మోకిలలో ఇల్లు కట్టుకుని కృతజ్ఞత కూడిక పెట్టింది.

"బాపు, నా గురించి రెండు మాటలు నువ్వే చెప్పాలె. ఏదో కట్టింది అనకు మల్ల" అంది. నవ్వుతూనే అన్నది గానీ, ఇన్నేళ్లూ ఆ మాట మరిచిపోలేదని తెలిసింది.

వారం రోజులు పాత డైరీలు తిరగేసి, ఆమె గురించి ఉన్నవన్నీ రెండు కాగితాల మీదికి ఎక్కించాను. చదువుకుంటే భయమేసింది. ప్రతి వాక్యంలోనూ నేనున్నాను. అచ్చం అవ్వలాగే. ఎర్ర పెన్నుతో నన్ను నేను కొట్టేసుకుంటూ పోయి, మిగిలింది బిడ్డకు చూపించాను.

"ఇదేంది బాపు, బడిలిచ్చే టీసీ లెక్కున్నది" అంది. "సైకిలు నేర్చుకుంది, రెండుసార్లు పడింది. మరి సైకిలు పట్టుకున్నదెవరు? దయ్యమా?"

"నేనే."

"చెప్పులు తెగేదాక ఉరికినవు. నాకు యాదున్నది. గది చెప్పు."

"మీ నాయినమ్మ లెక్క అయితది బిడ్డా."

"నాయినమ్మ ఉరకకుండనే ఉరికిన అన్నది. నువ్వు ఉరికినవు గదనే!"

కూడికలో కాగితం జేబులోంచి తీయలేదు. సైకిలు నేనే పట్టుకున్నానని, ఎక్కడ వదిలేశానో ఆమెకు ఇప్పటికీ తెలియదని చెప్పాను. అందరూ నవ్వారు. తర్వాత, ఆమె ఫస్టు వచ్చిన రోజు డైరీలో ఒక పేజీ నిండా రాసుకుని, బయట మాత్రం 'ఏదో రాసింది' అన్నానని చెప్పాను. ఆ పేజీలో ఉన్నది అప్పజెప్పాను. బిడ్డ వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

భోజనాల దగ్గర మా ఊరి పెద్దాయన నా భుజం తట్టాడు. "అచ్చం మీ అవ్వ లెక్కనే చెప్పినవురా. అంత మంచిగ."

ముందైతే ఆ మాటకు అన్నం సయించేది కాదు. ఆ రోజు ఇంకొంచెం కూర వేయించుకున్నాను.