ప్రారంభోత్సవం కుక్క

ఆ కుక్క లేవడం నేను చూశాను. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నా డైరీలో ఆ రోజు పేజీలో కూడా "ఎండ ఎక్కువగా ఉంది" అని మాత్రమే రాసి ఉంది.

రెండువేలు దాటిన కొత్తల్లో సంగతి ఇది. గన్నవరంలో పశువైద్యం చదువు ముగించి, కంకిపాడులో మా పిన్ని వాళ్ళింట్లో ఉంటూ, ఆటోనగర్లో ఒక సేవాసంస్థ పెట్టిన కుక్కల ఆపరేషన్ క్యాంపులో చేరాను. పని చెప్పుకోవడానికి చిన్నదే. వీధి కుక్కని పట్టుకొచ్చి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చెయ్యాలి. రేబీస్ టీకా వెయ్యాలి. గుర్తు కోసం ఎడమ చెవి కొస కాస్త కత్తిరించాలి. నాలుగు రోజులు చూసుకుని, పట్టుకున్న వీధిలోనే వదిలెయ్యాలి. అందరూ ఈ ఆఖరి ముక్క దగ్గరే ఆగిపోయేవారు. ఎలాగూ పట్టుకున్నారు కదా, మళ్ళీ వదలడమేమిటని అడిగేవారు. పాత కుక్క తన వీధిలోకి కొత్తవాటిని రానివ్వదనీ, దాన్ని తీసేస్తే ఆ ఖాళీలోకి టీకాల్లేనివి నాలుగొస్తాయనీ నేను చెప్పాలి. నలుగురు నావైపు చూస్తే నాకు నోరు పెగలదు. కుక్కలకైతే ఎంతసేపైనా చెప్పగలిగేదాన్ని.

నా బదులు ఆ మాటలు చెప్పినాయన లారీలకి చెక్క బాడీలు కట్టే మేస్త్రి. అరవై దాటిన సాయిబు గారు, పెన్సిలు ఎప్పుడూ చెవిమీదే ఉండేది. ఆ వీధివాళ్ళు అంతకుముందు రెండుసార్లు బజ్జీల్లో గుళికల మందు పెట్టి కుక్కల్ని చంపారు. రెండోసారి మేస్త్రి గారి మేక కూడా ఆ బజ్జీ తిని పోయింది. కుక్కలు మాత్రం నెల తిరక్కుండా మళ్ళీ అన్నే వచ్చాయి. అందుకని ఆయన వీధిలో అందర్నీ తన షెడ్డులో కూర్చోబెట్టి, ఒక్క ఏడాది డాక్టరమ్మకిచ్చి చూద్దాం, తేడా వస్తే నన్నడగండి అన్నారు. ఎదురుగా బేరింగులమ్మే షాపాయన్ని అంతకుముందే కుక్క కరిచింది. ఆయన మనసొప్పకుండానే సరేనన్నాడు. తేడా వస్తే మాత్రం కుక్కల విషయంలో మీరిక నోరెత్తకూడదని మేస్త్రి గారి దగ్గర మాట తీసుకున్నాడు.

క్యాంపుకి ప్రారంభోత్సవం లేకపోతే ఎలా అన్నారు సంస్థవాళ్ళు. శామియానా వేశారు, మైకు పెట్టారు, కొబ్బరికాయలు తెచ్చారు. ఆపరేషన్ బల్లని వేదిక పక్కన వేసి, దాని కాళ్ళకి రిబ్బను చుట్టారు. మొదటి కుక్కగా చూడ్డానికి శుభ్రంగా ఉన్న ఒక గోధుమరంగు ఆడకుక్కని ఎంచారు. ఎవరో దానికి బంతిపూల దండ వేసి బొట్టు కూడా పెట్టారు. ముఖ్య అతిథి కారు బెంజి సర్కిల్ దాటిందని ఫోనొస్తే నేను మత్తు ఇంజక్షన్ ఇచ్చేశాను. అక్కణ్ణుంచి మాకెంతో దూరం లేదు గానీ, దారిలో ఆయనకి ఇంకో ప్రారంభోత్సవం ఉందట.

ఆయనొచ్చి రిబ్బను కత్తిరించారు. ఫోటోగ్రాఫరు అది రోజూ ఉండే ఫోటోయే అని, కత్తెర కుక్క చెవి దగ్గర పెట్టమన్నాడు. చెవి కత్తిరించింది నేనే. ఫోటోకి మాత్రం కత్తెర ఆయన చేతిలో ఉంది. ఆయన రెండు మాటలు మాట్లాడాక ఆపరేషన్ మొదలుపెట్టాలి. ఈలోపు కుక్కకి ఈగలు వాలకుండా, సన్మానాల్లో మిగిలిన శాలువా ఒకటి కప్పారు.

నేను రెండో వరుస చివర కూర్చున్నాను. ముందు కత్తిరించిన చెవి కదిలింది. తర్వాత శాలువా అంచున తోక కొస. రెండో డోసు సిరంజి నా చేతిలోనే ఉంది. కానీ బల్ల దగ్గరికి పోవాలంటే మైకుకీ జనానికీ మధ్యనించి పది అడుగులు నడవాలి. ఆయన "చివరగా" అన్నారు కదా, అయిపోతుందిలే అనుకున్నాను. ఆయన మూడుసార్లు చివరగా అన్నారు. మూడో చివరగాకి కుక్క లేచి కూర్చుంది. ఆవలించింది. బల్ల దిగి, దండతో, శాలువాతో, కాస్త తూలుతూ కుర్చీల మధ్యనించి వీధిలోకి వెళ్ళిపోయింది. ముఖ్య అతిథి మాట ఆపి, ఆపరేషనయిన కాసేపటికే తన కాళ్ళమీద తను ఇంటికెళ్తోంది చూడండి, సైన్సంటే ఇదీ అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను.

రిజిస్టరులో ఒకటో నంబరు ఎదురుగా "పూర్తయింది" అని అటెండరు పొద్దున్నే రాసి పెట్టాడు, అతిథి సంతకం చెయ్యాలి కదా. ఆయన పెద్ద సంతకం చేశారు. ఆ సంతకం పైనున్న "పూర్తయింది"ని కొట్టెయ్యడానికి నాకు చెయ్యాడలేదు. రేపో ఎల్లుండో ఆ కుక్కని పట్టుకుని పని ముగిస్తే రాసినదే నిజమవుతుందనుకున్నాను.

అది దొరకలేదు. వ్యాను చప్పుడికే మాయమయ్యేది. ఆటోలో వెళ్తే ఆటోని గుర్తుపట్టింది. నడిచి వెళ్తే నా చెప్పుల చప్పుడు గుర్తుపట్టింది. శాలువా మాత్రం వారానికి టీకొట్టు బల్లమీద కనిపించింది. వీధివాళ్ళు ఆ కుక్కకి ఓపెనింగ్ అని పేరు పెట్టుకున్నారు. పేపర్లో ఫోటో కింద "కుక్కకు శస్త్రచికిత్స చేస్తున్న ముఖ్య అతిథి" అని పడింది. మేస్త్రి గారు ఆ ముక్కని షెడ్డు గోడకి అంటించారు.

మిగతా కుక్కలకి నిజంగానే చేశాం, బాగానే చేశాం. మెల్లిగా మా క్యాంపు షెడ్డుకి కుక్కలు కానివి కూడా రావడం మొదలైంది. కడుపుబ్బిన మేకలు, కాలిరిగిన కోళ్ళు, లారీ డ్రైవరొకాయన పెంచే చిలక. పెద్దాసుపత్రికి ఆటోలో మేకనెక్కించుకుని వెళ్తే ఆ రోజు పని పోతుంది, కాబట్టి ఇన్నాళ్ళూ అవి వాటంతటవే బాగుపడేవి, లేకపోతే పోయేవి. చదువుకునేటప్పుడు జబ్బుల పేర్లన్నీ నేర్పారు గానీ, నడిచొచ్చేంత దూరంలో ఉండడం కూడా వైద్యమేనని ఎవరూ చెప్పలేదు. ఆటోనగర్ వాళ్ళు రోగలక్షణాలు వాళ్ళ భాషలోనే చెప్పేవారు. ఒకాయన నీరసంగా ఉన్న కుక్కని తెచ్చి, రెండ్రోజుల్నించి దీనికి పికప్ లేదండీ అన్నాడు. నాకు బాగానే అర్థమైంది.

ఇంతలో ఓపెనింగ్ పిల్లల్ని పెట్టింది. అదీ ఎక్కడో కాదు, మేస్త్రి గారి షెడ్డులోనే, సగం కట్టిన లారీ బాడీ కింద. ఆరు పిల్లలు. కత్తిరించిన చెవి నిక్కబొడుచుకుని, వచ్చి చూసే ప్రతివాడికీ అది తన ఆపరేషన్ గుర్తు చూపించేది. బేరింగుల షాపాయన వచ్చి చూసి, మా దగ్గర సరుకు కొంటే ఆర్నెల్లు గ్యారంటీ ఇస్తాం, మీ డాక్టరమ్మ కోతకి మూడు నెల్లు కూడా లేదన్నమాట అన్నాడట. మేస్త్రి గారు గోడమీది పేపరు ముక్క చూపించి, కోసింది ఆయన, డాక్టరమ్మ కోసినవాటిల్లో పిల్లల్ని పెట్టినదాన్ని ఒక్కదాన్ని చూపించమన్నారట. అందరూ నవ్వారు గానీ షాపాయన వదల్లేదు. ఆదివారం అందరం కూర్చుందాం, మీ మాట తప్పు అని తేలితే మన పాత బజ్జీలు మనకున్నాయిగా అన్నాడు.

మర్నాడు మేస్త్రి గారు మా షెడ్డు గుమ్మం దగ్గరికొచ్చి, లోపలికి రాకుండా అక్కడే నిలబడి, అసలేం జరిగిందని అడిగారు. మీరు అది వేరే కుక్కంటే నేనూ వేరే కుక్కనే చెప్తాను, ఒకే పోలిక కుక్కలు ఎన్ని లేవు అన్నారు. నేను ఆదివారం వచ్చి చెప్తానన్నాను. ఇంటికెళ్ళి డైరీలో పేజీ చింపి, జరిగిందంతా రాశాను. ఇచ్చేసి వచ్చెయ్యాలని నా ఆలోచన.

ఆదివారం కాగితం మేస్త్రి గారి చేతిలో పెట్టాను. ఆయన చెయ్యి బారచాచి పట్టుకుని చూశారు, దగ్గరికి తెచ్చుకుని చూశారు. కళ్ళజోడు ఇంటి దగ్గరుండిపోయింది, అందరూ ఉన్నారు కదా, మీరే చదవండి అని తిరిగిచ్చారు. బెంచీల మీదా, టైర్ల మీదా పాతికమంది. లారీ బాడీ కింద ఓపెనింగ్ పిల్లలకి పాలిస్తూ, నన్ను గుర్తుపట్టి గుర్రుమంటోంది. పిల్లల్ని వదిలి పారిపోలేదు కదా పాపం. నేనూ పారిపోలేకపోయాను.

చదివాను. ఆయన ఉపన్యాసం సంగతి చెప్పాను, మత్తు దిగిపోవడం చెప్పాను, ఆపరేషన్ చెయ్యనే లేదని చెప్పాను. రిజిస్టరు సంగతి కూడా చెప్పాను. కాగితం చివర, నేను చూస్తూ కూర్చున్నానని రాసిన రెండు వరుసల దగ్గరికొచ్చేసరికి కాగితం మడిచేశాను. అంతేనండీ అన్నాను.

బేరింగుల షాపాయన తల గోక్కుని, "అంటే కొయ్యనే లేదా?" అన్నాడు.

"లేదండి."

"బోల్టే బిగించకపోతే ఊడిపోయిందని గోలేమిటయ్యా మనం?" అని పక్కవాళ్ళ వైపు తిరిగాడు. మళ్ళీ నావైపు చూసి, "కానీ అయిందని రాసుకున్నారు చూశారా, అది తప్పండి," అన్నాడు.

తప్పేనన్నాను. సంచీలోంచి రిజిస్టరు తీశాను. మేస్త్రి గారు చెవిమీది పెన్సిలు ఇవ్వబోయి, పెన్సిలు చెరిగిపోతుంది, పెన్ను తేండ్రా అన్నారు. పెన్ను షాపాయనే ఇచ్చాడు. అందరూ వంగి చూస్తుండగా, ఆ పెద్ద సంతకం పైనున్న ఒకటో నంబరు వరుస కొట్టేశాను. జనం కుక్కపిల్లల్లో ఏది ఎవరికన్న తగువులో పడ్డారు. బజ్జీల మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

మేస్త్రి గారు నాతో వీధి చివరిదాకా వచ్చారు. నా చేతిలో కాగితం వైపు చూసి అన్నారు:

"కింద ఇంకో రెండు వరుసలున్నట్టున్నాయి, పోనివ్వండి. పిల్లలు పాలు మరవగానే తల్లిని నేనే పట్టి తెస్తాను. ఈసారి మైకు మాత్రం పెట్టకండి, డాక్టరమ్మా."